కొవ్వమ్మ గోడకు చక్కెర అంచు

ఒకప్పుడు కోడిపుంజు ఒంట్లోని బుల్లిబుల్లి గదులకు గోడలే ఉండేవి కావు. లోపల పుట్టిన కబుర్లు ఒళ్ళంతా ఊరేగేవి. "తురాయీ, ఎర్రబడు! కూతా, పైకి లే! విత్తూ, పండు!" అని చెప్పేవి. ఇక వాకిలంతా కోడిపిల్లల కియ్యికియ్యిలే. ఆహా, ఏం రోజులవి!

ఒక ఏడు ఎముకలు కొరికే చలి వచ్చింది. గదులన్నీ గడగడలాడాయి. పాపం, ఆ ఒంట్లోనే ఉండే కొవ్వమ్మ చూడలేక తన ఒంటితోనే గదిగదికీ మెత్తటి గోడ కట్టింది. చలి ఆగింది.

కానీ కొవ్వమ్మకు చుట్టాలంటే మహా పిచ్చి. బయల్దేరిన ప్రతి కబురునూ పట్టుకుని, "అప్పుడే ఏం తొందర? ఈ పూట ఉండి వెళ్ళు నాయనా" అనేది. కబుర్లదీ నూనె ఒళ్ళేనాయె! ఆ మెత్తటి ఒడిలో ఇట్టే అతుక్కుపోయేవి. పూట కాస్తా నెల అయ్యేది.

బయట పుంజు తురాయి పాలిపోయింది. కూత గొంతు దాటలేదు. విత్తు పండక, దాని జోడు బొల్లిపెట్ట పొదిగిన గుడ్లన్నీ మురిగిపోయాయి.

"నిరుడు ఈపాటికి నా రెక్కల కింద చోటు చాలేది కాదు," అని పుంజు దగ్గర ఏడ్చింది పెట్ట. "ఇప్పుడు రెక్క దించితే ఉత్త నేలే తగులుతోంది. ఈసారీ మురిగితే మన జాతే ఉండదయ్యా!"

ఆ మాట లోపలున్న కొవ్వమ్మ చెవిన పడింది. "అయ్యో, నేనెంత పని చేశాను! వీళ్ళను ముద్దు చేస్తూ ఆ పసిపిల్లలకు పుట్టుకే లేకుండా చేశానే!"

వదిలేద్దామంటే చేతులు రాలేదు. అప్పుడు నెత్తుటి కాలవలో పోతున్న చక్కెరను పిలిచింది. "అమ్మా చక్కెరా, వీళ్ళను గుమ్మం దాటించడం నా వల్ల కాదే. తీపి చూపించి నువ్వు పిలువు."

"నేను నీళ్ళలో మసలేదాన్ని అత్తా, నీ నూనెలో ఇమడను."

"లోపలికి రావద్దులే. నా కొంగు చివర పట్టుకుని బయటే నిలబడు."

చక్కెర అలాగే నిలబడి, "ఇటు రండర్రా!" అంది. కబుర్లు బిలబిలా బయటికి పరుగెత్తి నెత్తుట్లోకి దూకాయి. కొవ్వమ్మకు ఏడుపు ఆగలేదు. అయినా ఒక్కదాన్నీ పట్టుకోలేదు.

తురాయి భగ్గుమని ఎర్రబడింది. కూత పొలాలు దాటింది. బొల్లిపెట్ట కింద కొత్త గుడ్లు టక్కుటక్కుమన్నాయి.

అప్పటినుంచే ఒంట్లోని బుల్లి గదుల గోడలు కొవ్వుతో ఉంటాయి, బయటి అంచున చక్కెర నిలబడి ఉంటుంది. అప్పటినుంచే కబుర్లు గుమ్మం దాటుతూ "వెళ్ళొస్తాం అమ్మమ్మా!" అంటాయి. ఒక్కటీ తిరిగి రాదని కొవ్వమ్మకు తెలుసు. అయినా రోజూ పంపుతూనే ఉంది.