పొడి ఇసుకలో బండి

రోజుల వరుస ఇందులో తారుమారై ఉండవచ్చు. ఈ మధ్య ముందుదీ వెనుకదీ కలిసిపోతున్నాయి. పేర్లు ఎక్కడైనా తప్పితే మా చెల్లెలి కూతురు వకుళ చూసి దిద్దాలి. జరిగింది మాత్రం ఇదే.

అంగారకుడి మీద బండిని నడిపే కేంద్రంలో శేషారత్నం గారిది ఒక అలవాటు. ఎవరేమి అడిగినా వాదన పెట్టుకునేవారు కాదు. అడిగినవాళ్ళను వెంటబెట్టుకుని ఎటో నడిచేవారు.

ఆ రోజు అడిగింది శిష్యురాలు హిమజ. తను రాసి పంపిన ఆజ్ఞలతోనే బండి అక్కడ ఇసుక దిబ్బ ఎక్కబోయి ఇరుసుల దాకా కూరుకుపోయింది. పదకొండు రోజులుగా ఏం పంపినా చలనం లేదు. "అది ఇక కదలదు, రేపటితో ఆర్పేయండి" అని పై అధికారి రంగనాయకులు ఉత్తర్వు ఇచ్చాడు.

"ఆపమన్నాక కూడా పట్టుకు వేలాడటం మొండితనం కాదా మేడమ్?" అంది హిమజ.

శేషారత్నం గారు కళ్ళజోడు సర్దుకుని, హిమజను తీసుకుని కేంద్రం వెనుకనున్న ఇసుక మైదానానికి నడిచారు. అచ్చం ఆ బండి లాంటిదే ఇంకొకటి అక్కడ ఉంది. పైకి పంపే ప్రతి ఆజ్ఞనూ ముందు దానితో చేయించి చూస్తారు. ఇక్కడ ఇట్టే దిబ్బ ఎక్కించిన ఆజ్ఞ అక్కడ ఎందుకు ఓడిపోయిందో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆవిడ చెప్పులు విడిచి ఇసుకలో అడుగు పెట్టారు. "చల్లగా ఉందే!"

"రోజూ పొద్దున్నే నీళ్ళు చల్లుతాను గదమ్మా," అంది ఊడ్చే పైడితల్లి. "దుమ్ము లేస్తే అద్దాల గదిలో బాబులు నన్ను బతకనిస్తారా?"

హిమజ గుప్పెడు ఇసుక తీసి పిసికితే ముద్ద కట్టింది. వాన చుక్క ఎరుగని నేల కోసం ఇన్నాళ్ళూ తడి ఇసుకలో పరీక్షలు చేశారు, అంత చదువుకున్నవాళ్ళూ!

పొడి ఇసుక తెప్పించి పోయించారు. ఈ బండి కూడా అలాగే కూరుకుపోయింది. సాయంత్రం దాకా హిమజ ఆజ్ఞలు మారుస్తూనే ఉంది. చివరికి చక్రాలను ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పితే, అది పీతలా పక్కకు జరిగింది.

అప్పుడే రంగనాయకులు వచ్చాడు. "ఇంకా ఆర్పలేదా? ఉత్తర్వు అందలేదా?"

"అందిందండీ. రేపటితో అన్నారు కదా," అన్నారు శేషారత్నం గారు. "ఇవాళ బండి మాదే."

ఆజ్ఞ వెళ్ళింది. మర్నాడు పొద్దున ఫోటో వచ్చింది. రంగనాయకులు దాని మీద స్కేలు పెట్టి, లెక్క కట్టి, పెదవి విరిచాడు. "నాలుగు వేళ్ళ దూరం. ఇదీ ఒక కదలికేనా?"

శేషారత్నం గారు హిమజ వైపు తిరిగారు.

"విన్నావా? నిన్న కదలదన్నారు. ఇవాళ కొలుస్తున్నారు."