అద్దం పక్కన నిలబడే మనిషి

ఆచార్య విశ్వంభరం గారిని ఎవరైనా సందేహం అడిగితే చాలాసార్లు జవాబు రాదు. ఆయన లేచి చెప్పులు వేసుకుంటారు. అడిగినవాళ్ళు వెంట నడవాలి.

ఆ రోజు అడిగింది రెహానా, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. ధ్వనికన్నా వేగంగా వీచే గాలిలో షాక్ తరంగం పల్చటి గోడలా నిలబడుతుంది. సుడులు తిరుగుతూ వచ్చిన గాలి ఆ గోడను దాటేటప్పుడు నలిగి, మరింత ఉధృతమవుతుంది. దాన్ని కంప్యూటరులో లెక్కగట్టడం ఆమె పని. నెలల తరబడి, సుడులు షాకును తాకిన క్షణంలోనే లెక్క కుప్పకూలుతూ వచ్చింది. చివరికి విసిగి, ఆ లెక్కలో అసలు గాలికి లేని కృత్రిమమైన జిగట కాస్త ఎక్కువ కలిపింది. లెక్క చివరిదాకా నడిచింది. గ్రాఫు నున్నగా, అందంగా వచ్చింది. కానీ ఆ జిగటలో చిన్న సుడులన్నీ అణిగిపోయాయని ఆమెకు తెలుసు. అప్పటినుంచి సరిగా నిద్ర లేదు.

"మధ్యలో పడిపోయే లెక్క ఎవరికీ పనికిరాదు కదా సార్! కొంచెం నునుపు చేసినా, నిలబడే లెక్క మేలు కాదా?" అంది.

విశ్వంభరం గారు ఆమెను విభాగం వెనక, సొరంగంలాంటి గొట్టంలో గాలిని వేగంగా వదిలి పరీక్షించే విండ్ టన్నెల్ షెడ్డుకు తీసుకువెళ్ళారు. మర్నాటి ప్రయోగానికి అక్కడి పాత మెకానిక్ జకరయ్య టన్నెల్ పక్కగోడకు గాజు కిటికీ బిగిస్తున్నాడు. లోపల గాలి వీస్తున్నంతసేపూ ఆ అద్దం పక్కనే నిలబడి కెమెరా సరిచేసేది జకరయ్యే. సుడులు కొట్టే దెబ్బలతో సహా అద్దం మీద ఎంత ఒత్తిడి పడుతుందో చెప్పవలసింది రెహానా లెక్క.

"ఈ అమ్మాయి లెక్క పూర్తయింది జకరయ్యా. ఏమైనా అడగాలంటే అడుగు," అన్నారు గురువు.

జకరయ్య చేతులు తుడుచుకున్నాడు. "ఏముందమ్మా, రేపు దీని పక్కన నిలబడొచ్చా?"

నిలబడొచ్చనే చెబుతోంది గ్రాఫు. రెహానా అద్దం అంచును వేలితో తడిమి చూసింది. జకరయ్య నవ్వుతూ ఎదురుచూశాడు. కాసేపటికి ఆ నవ్వు తగ్గింది.

"వద్దు బాబాయ్," అంది చివరికి. "కెమెరాను స్టాండుకు బిగించి షెడ్డు గోడ అవతలికి వచ్చెయ్యండి."

మర్నాడు అందరూ గోడ అవతలే ఉన్నారు. గాలి వదలగానే షెడ్డు రేకులు అదిరాయి. ఆ హోరులో ఏదో టపటపమన్నప్పుడల్లా రెహానా చెవులు మూసుకోబోయింది. ఏం జరుగుతోందో వినపడదని మళ్ళీ చేతులు దించింది. హోరు ఆగాక పరుగున వెళ్ళి చూసింది. అద్దం మీద చిన్న గీరు కూడా లేదు. కెమెరా మాత్రం కదిలిపోయి బొమ్మలన్నీ మసకగా వచ్చాయి.

"నేనుంటే ఇలా అయ్యేదా!" అన్నాడు జకరయ్య నొచ్చుకుంటూ. "మళ్ళీ చేద్దాం. అద్దం గట్టిదేనని తేలిందిగా. ఈసారి పక్కన నిలబడనా అమ్మా?"

రెహానా అద్దం వంక చూసింది. జకరయ్య ముఖంలోకి చూసింది.

"వద్దు బాబాయ్," అంది మళ్ళీ, మెల్లగా.

విశ్వంభరం గారు ఆమెవైపు తిరిగారు.

"నీ గ్రాఫు నేనూ చూశానమ్మా. ఈ 'వద్దు' అందులో ఎక్కడా కనబడలేదు."