కొబ్బరి చిప్పలూ గుమ్మడి పాదులూ

మా అడవిలో సినిమా నేర్పే బడులు రెండున్నాయి. వాగొడ్డున నక్కది ఒకటి, దిబ్బ మీద ముసలి ఎద్దు మైలయ్యది ఒకటి. నక్క బడికి రంగుల బోర్డుంది, గేటుంది, లైట్లు మోసే గాడిదుంది. ఆ గాడిదను నేనే. డైరెక్షన్ నేర్చుకుందామని ఎనిమిదేళ్ల కింద చేరాను. ఇంకా లైట్లే మోస్తున్నాను. ఎందుకని అడక్కండి, చెప్పే ఓపిక లేదు.

వానాకాలం మొదట్లో బొల్లి అనే మేక వచ్చింది.

"మామా, మా కొండను క్వారీవాళ్లు తొలిచేస్తున్నారు. వచ్చే ఎండాకాలానికి ఉండదు. అది పోయేలోపల సినిమాగా తీసి పెట్టుకోవాలి. ఏ బడిలో చేరమంటావు?"

నేను నోరు తెరిచేలోపలే నక్క వచ్చేసింది. "ఇక్కడే చేరాలి అమ్మాయ్. గేటు పక్కన ఆ కొబ్బరి చిప్పల గుట్ట చూశావా? మొదలెట్టిన ప్రతి సినిమాకూ ఒక కాయ కొట్టాం. ఆ ఎద్దు దగ్గర ఏముంది, పేడ తప్ప?"

బొల్లి ఆ గుట్టకేసి ఆశగా చూసింది. ఆ మొహం నాకు తెలుసు. ఎనిమిదేళ్ల కింద నాదీ అదే మొహం.

నక్క ఫారం తేవడానికి లోపలికి పోయింది. మనకెందుకులే అనుకున్నాను గానీ నోరు ఊరుకోలేదు.

"పిల్లా, సినిమా మొదలెడితే కొబ్బరికాయ కొడతారు. పూర్తయితే?"

"గుమ్మడికాయ కొడతారు."

"ఇక్కడ ఎన్ని కొట్టారో అడుగు."

అడిగింది. నక్క కాస్త తడబడి, "రేపు రా, చూపిస్తాను" అంది. బొల్లి వెళ్లాక నావైపు తిరిగి, "గాడిదకేం తెలుసు గంధం వాసన" అని గొణిగింది. ఆ సాయంత్రమే నన్ను సంతకు తోలుకెళ్లి ఇరవై గుమ్మడికాయలు నా వీపు మీదే మోయించింది. మోశాను. పోట్లాడే ఓపికా లేదు.

మర్నాడు కాయలన్నీ గేటు దగ్గర పేర్చి, ఒక్కోదానికి ఒక సినిమా పేరు చీటీ అంటించింది.

"చూడమ్మా, మేం పూర్తిచేసిన సినిమాలు ఇరవై."

బొల్లి ఒక్కో కాయనూ మూతితో దొర్లించి అన్నివైపులా చూసింది.

"ఒక్కదానికీ పగులు లేదేం సార్?"

"అదీ... గుర్తుగా దాచుకున్నాం."

"పూర్తయితే పగలగొడతారు కదా సార్. కొట్టని కాయంటే తియ్యని సినిమానేగా?"

నక్క ఊడిపోతున్న చీటీ ఒకటి అదిమి అంటించసాగింది. నేను మాత్రం పదో కాయ దగ్గరే నిలబడిపోయాను. దాని మీద నా సినిమా పేరుంది. ఎప్పుడో కొబ్బరికాయ కొట్టి, తియ్యకుండా వదిలేసిన సినిమా అది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. చాలా బాధేసింది. లైట్లు అక్కడే దించేసి బొల్లి వెనకాలే నడిచాను.

మైలయ్య పాకకు బోర్డు లేదు. కప్పు కనిపించకుండా గుమ్మడి తీగలు అల్లుకున్నాయి.

"ఇవన్నీ నువ్వు నాటినవేనా తాతా?" అంది బొల్లి.

"నేనెందుకు నాటతానమ్మా? సినిమా అయిపోయినప్పుడల్లా కాయ కొట్టాం, గింజలు పడ్డచోటల్లా మొలిచాయి. వీటికి నీళ్లు పొయ్యలేకే చస్తున్నాను. చేరేదుంటే ముందు ఆ బిందె అందుకో."

అక్కడ కూడా లైట్లే మోశాను. కాకపోతే ఆ లైట్లు వెలిగేవి.

ఎండలు ముదిరేలోపల బొల్లి సినిమా పూర్తయింది. అప్పటికి కొండ సగమే మిగిలింది. పాక ముందు గుమ్మడికాయ కొడితే ఒక ముక్క నా కాళ్ల దగ్గరికి దొర్లింది. దిష్టి తీసిన కాయ తినకూడదంటారు. గాడిదకు ఇంకేం దిష్టి తగులుతుంది, తినేశాను. ఎనిమిదేళ్లలో అదే మొదటి ముక్క.

వాగొడ్డున నక్క గేటు దగ్గర ఇరవై కాయలూ కుళ్లిపోయాయి. ఆ కంపుకి అటువైపు ఎవరూ పోవడం లేదు.

కొబ్బరికాయ ఎవరైనా కొడతారు. గుమ్మడికాయ కొట్టిన చోటే చదువు.