గోరింక అడిగిన సాయం

తొలకరి పడి నేల బురదయ్యేసరికి ఏటా గొడ్ల సావిడిలో గిట్టల పరీక్ష జరిగేది. చేసేది గోరింక చిట్టెమ్మ. ముక్కు సన్నం, చూపు గట్టి, నోరు మాత్రం కాస్త పెద్దది. పొద్దున్నే సావిడి కొప్పు మీద కూర్చుని, గిట్టలు చూపించుకోకపోతే పుండు పడుతుందనీ, పురుగు చేరుతుందనీ, ఆఖరికి లేవలేరనీ ఏకరువు పెట్టేది. ఆ వేళకి ముసలి గొడ్ల తలలన్నీ కుడితి గోళేల్లో ఉండేవి. ఒక్కటీ కదిలేది కాదు. దూడలైతే కాలెత్తమంటే పరుగు లంకించుకునేవి.

ముసలి ఎద్దు పుల్లన్నకి ఆ మాటలు వినబడక కాదు. నాలుగు రోజులుగా కుడి ముందుకాలు సలుపుతోంది. చూపిస్తే కుంటెద్దని పేరు పడుతుంది, పేరు పడితే సంతకి తోలేస్తారు. పన్నెండేళ్లు దున్నిన చేను వదిలిపోవాలంటే అతనికి దిగులు. అందుకే పళ్లు బిగబట్టి నడుస్తున్నాడు.

పక్క గుంజ దగ్గరుండే బర్రె గవరమ్మ తనకి ఏ రోగమూ లేదని రోజుకి మూడుసార్లు చెప్పేది, ఎవరూ అడక్కపోయినా.

ఒక మధ్యాహ్నం పుల్లన్న తీరిగ్గా నెమరు వేస్తుంటే చిట్టెమ్మ వచ్చి వీపు మీద వాలింది. ఈసారి అరవలేదు. రోగం ఊసే ఎత్తలేదు.

"తాతా, దూడలు కాలెత్తడానికి భయపడుతున్నాయి. నువ్వొకసారి ఎత్తి చూపిస్తే నేర్చుకుంటాయి" అంది.

సాయం అడిగితే కాదనడం పుల్లన్న వల్ల కాదు. బాగున్న ఎడమకాలు దర్జాగా ఎత్తాడు. దూడలు నోళ్లు తెరుచుకుని చూశాయి.

"అటువైపు వాటికి కనబడలేదట. కుడిది కూడా ఎత్తు తాతా."

ఇరుక్కుపోయాడు. పిల్లల ముందు పరువు పోగొట్టుకోలేక ఎత్తాడు. గిట్ట సందులో తుమ్మముల్లు. చిట్టెమ్మ ముక్కుతో పట్టి ఒక్క లాగు లాగి పారేసింది.

"ఇంతేనా?" అన్నాడు పుల్లన్న.

"ఇంకో వారం ఆగుంటే ఇంతతో పోయేది కాదు" అంది గోరింక, అతనొక్కడికే వినబడేట్టు.

రెండు రోజులకి నడక కుదుటపడింది. రైతు ఎప్పటిలాగే వీపు చరిచి కాడి కట్టాడు. పుల్లన్నకి కడుపు నిండినంత సంతోషం. గోరింక తనని బుట్టలో వేసిందని అప్పటికి అర్థమైంది. కోపం రాలేదు సరికదా, ఆ కిటుకు తెగ నచ్చింది.

ఆ సాయంత్రమే గవరమ్మ దగ్గరికి వెళ్లి, "వదినా, దూడలు ఎద్దు గిట్ట చూశాయి గానీ బర్రె గిట్ట చూడలేదట. ఎవర్ని అడగాలో తోచట్లేదు" అన్నాడు.

గవరమ్మ అతన్ని పక్కకి నెట్టి ముందుకొచ్చి, గోరింక అడక్కముందే కాలెత్తింది.

నీతి: పెద్దవాళ్లని భయపెడితే తల తిప్పుకుంటారు, సాయం అడిగితే కాలెత్తి చూపిస్తారు.