మలుగు దాలయ్య ఇల్లు మారిన వైనం

భీమిలిలో అనసూయ టీచరు ముందుగదిలో ఉప్పునీళ్ల గాజుతొట్టి ఒకటి ఉండేది. అందులో రాళ్ల సందున మూడు కాపురాలు. పోలయ్య, పోలమ్మ అని నారింజరంగు చేపల జంట ఒకటి. గుల్లరాతి బొరియలో పాములాంటి మలుగు చేప దాలయ్య. అందరి పళ్లూ మొప్పలూ శుభ్రం చేసి, ఆ దొరికిన నలుసులతో పొట్ట పోసుకునే మీసాల రొయ్య సన్యాసమ్మ. రోజూ సాయంత్రం టీచరు చేపముక్కలు వేసేది కనక దాలయ్య కూడా మర్యాదస్థుడే. కడుపు నిండినంతకాలం అందరూ సాధువులే కదా!

టీచరుకి విజయనగరం బదిలీ అయింది. "తిని బయల్దేరితే దారిలో నీళ్లు పాడుచేస్తాయి" అని రెండు రోజుల ముందే మేత ఆపేసింది.

ప్రయాణం నాడు పొద్దున్నే దాలయ్య బొరియలోంచి తల బయటపెట్టాడు.

"పోలయ్య తమ్ముడూ! వలలో పడితే పొలుసులు ఊడొస్తాయి. నువ్వూ మరదలూ నా బొరియలోకి వచ్చెయ్యండి. టీచరు రాయితో సహా ఎత్తి బకెట్లో పెడుతుంది. పల్లకీలో పోయినట్టు పోదాం."

"ఎంత పెద్ద మనసన్నా నీది!" అని పోలయ్య పొంగిపోయాడు.

అప్పుడే సన్యాసమ్మ రోజువారీ పనికి దాలయ్య నోట్లో దిగింది. పళ్ల సందున ఒక్క నలుసు లేదు. ఉన్నట్టుండి దవడ టక్కున మూసుకోబోయింది. చివరి క్షణంలో ఆమె వెనక్కి దూకింది గానీ, ఒక మీసం కొస తెగిపోయింది.

"ఆవలింత వచ్చిందే, ఏమనుకోకు" అన్నాడు దాలయ్య.

రెండు రోజుల ఆకలి ఏం చేయిస్తోందో సన్యాసమ్మకు అర్థమైంది. నేరుగా పోలయ్య దగ్గరికి పరుగెత్తింది. "నాయనా, ఆ బొరియలోకి వెళ్లకండి. అది కొంప కాదు, నోరు!"

"నీకు అందరిమీదా అనుమానమే" పోలయ్య కసురుకున్నాడు. "పళ్లు తోమేదానివి, పళ్లే కనిపిస్తాయి."

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. పోనీలే, నాకెందుకు అనుకుంది. కానీ రాతి చాటున పోలమ్మ ప్రయాణానికి సంబరపడుతుంటే చూసి ఊరుకోలేకపోయింది.

ఇంతలో టీచరు మలుగుని పట్టుకెళ్లడానికి ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క తెచ్చి తొట్టి అడుగున పెట్టి వెళ్లింది. అది ఎందుకో పోల్చుకుని సన్యాసమ్మ మళ్లీ దాలయ్య దగ్గరికి పోయింది. ఈసారి నవ్వుతూ.

"దాలయ్య బాబూ, నీ సంగతి నాకు తెలుసులే. కానీ రాయి నీళ్లలోంచి లేస్తే బొరియలో నీళ్లన్నీ కారిపోతాయి. నీళ్లతోపాటు నీ చుట్టాలూ జారిపోతారు. ఆ గొట్టం చూడు, ఎంత ఇరుకో, దూరినవాళ్లు తప్పించుకోలేరు! నువ్వు ముందు దూరి కూర్చుంటే, వాళ్లని అవతలి కొసనుంచి నీ నోటికి ఎదురుగా పంపిస్తా."

"అందులో నీకేం లాభం?"

"మిగిలిన ముక్కలు నావి."

దాలయ్యకు ఆ లెక్క నచ్చింది. తనలాంటి బుద్ధే ఎదుటివాళ్లకూ ఉందంటే ఎవరికి నమ్మకం కుదరదు? మెలికలు తిరుగుతూ గొట్టంలోకి దూరాడు.

"రమ్మను వాళ్లని!"

"వస్తున్నారు బాబూ, ఇంకాస్త లోపలికి జరుగు."

తోక కూడా లోపలికి పోయిందో లేదో, టీచరు చెయ్యి దిగింది. రెండు చివర్లకూ చిల్లుల మూతలు పడ్డాయి.

"అయ్యో, దొరికిపోయానే! కనీసం ఆ పోలయ్యనైనా మింగి ఉండాల్సింది!" అని లోపల్నించి అరిచాడు దాలయ్య.

పోలయ్య ఆ అరుపు విన్నాడు. పెళ్లాన్ని వెంటబెట్టుకుని తనంతట తానే ఈదుకుంటూ వెళ్లి టీచరు దించిన వలలో కూర్చున్నాడు.

"సన్యాసమ్మత్తా, నువ్వు కూడా మాతో రా" అని పిలిచింది పోలమ్మ.

విజయనగరంలో రొయ్య మీసం తెగి ఉండటం చూసి, దాలయ్యకి టీచరు విడిగా ఒక తొట్టి పెట్టింది. మూత బిగించి, ఒంటరిగా.

ఆకలిమీద ఉన్నవాడు ఆశ్రయం ఇస్తానంటే, గుమ్మం కాదు, ముందు వాడి నోరు చూడాలి.