పూల ద్వారం ముందు పెద్దాయన

పానకాలుగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. ఒకప్పుడు తెనాలిలో దుకాణాలకు బోర్డులు రాసి, ఇప్పుడు అవే దుకాణాలకు ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీలు తీర్చిదిద్దుతున్న మనిషి ఆయన. దగ్గరుండి పని నేర్చుకుంటున్నవాళ్లు గురువుగారి చెప్పుల చప్పుడు వినగానే, ఇక ఎండలో నడక తప్పదని నిట్టూరుస్తారు.

ఆ రోజు అడిగింది సులోచన. రత్తయ్య సన్నాయి మేళానికి పేజీ చేయడం, మార్చడం, మళ్లీ మార్చడం ఎన్నోసారో ఆమెకే గుర్తులేదు. పైన బంగారు గోపురం, గుండ్రటి బొమ్మలో నెమలి, మెరిసే అక్షరాలు. జనం చూస్తున్నారు, సూపర్ అంటున్నారు, తమ దారిన తాము పోతున్నారు. మేళం కావాలని ఒక్కరూ ఫోన్ చేయడం లేదు. పెళ్లిళ్ల కాలం మొదలైపోయింది. క్రితం రోజు రత్తయ్య వచ్చి, కోపం కూడా మిగలని గొంతుతో, "ఈ ముహూర్తాలు కూడా ఇట్టాగే పోతే సన్నాయి అటకెక్కించి అపార్ట్‌మెంట్ కాపలాకి పోతానమ్మా. నీ తప్పేం లేదులే" అనేసి వెళ్లాడు. ఆ చివరి మాటే సులోచనను మరీ కుంగదీసింది.

"చూపు పడగానే మనసులో నిలిచిపోవాలంటే పేజీకి ఇంకా ఏం చేయాలి గురువుగారూ? నాకు ఓపిక అయిపోయింది."

ఆయన చెప్పులేసుకున్నారు. "పెళ్లికి పిలిచారుగా, పోయొద్దాం పద."

కల్యాణమండపంలో ఆ రోజు రెండు పెళ్లిళ్లు, కింద ఒకటి, మేడ మీద ఒకటి. వీళ్లను పిలిచింది కిందివాళ్లు. వధూవరుల పేర్లలో మొదటి అక్షరాలను తీగల్లా అల్లి వాళ్లకు ముద్ర గీసిచ్చింది సులోచనే. ఈ రోజుల్లో అలాంటి ముద్ర లేనిదే పెళ్లి జరిగినట్టే కాదాయె! అది పూల ద్వారం నెత్తిన నిలువెత్తున వెలుగుతోంది. పూర్తి పేర్లు రాస్తే అందం చెడుతుందని వద్దన్నదీ ఆమే. దాన్ని చూసేసరికి సులోచనకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

ఇంతలో బస్సు దిగి ఎండన పడి వచ్చిన ఒక పెద్దాయన, చంకలో బట్టల పొట్లంతో, ద్వారం ముందు ఆగాడు. తలెత్తి చూసి "అబ్బో" అన్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత లోపలికి పోతున్నవాళ్లను, "ఇది పిచ్చేశ్వర్రావు మనవరాలి పెళ్లేనా నాయనా?" అని అడిగాడు. సెల్ఫీల హడావుడిలో ఎవరూ వినిపించుకోలేదు. ఫొటోగ్రాఫర్ ఒక్కడే పలకరించాడు.

"కొంచెం పక్కకి పెద్దాయనా, ఫ్రేములో పడుతున్నారు."

పెద్దాయన పక్కకి జరిగాడు. జరిగి జరిగి మేడమెట్ల దగ్గర తేలాడు. అక్కడ పై పెళ్లికూతురి మేనమామ, చొక్కా తడిసి ముద్దయి, గొంతు బొంగురుపోయి, అయినా వచ్చినవాళ్లందరికీ చేతులు జోడిస్తున్నాడు.

"రండి బాబాయిగారూ! కొల్లిపర వాళ్ల పిల్ల పెళ్లి, పైన."

"నేనొచ్చింది ఈ పెళ్లికి కాదనుకుంటా బాబూ."

"కాకపోతే పోనీండి. ఎండన పడొచ్చారు, కాసిని మజ్జిగ తాగి వెతుక్కుందురుగాని."

పెద్దాయన కాదనలేకపోయాడు, కాళ్లు అలా పీకుతున్నాయి మరి. పానకాలుగారు ఆయన వెనకే మెట్లెక్కారు. సులోచన కూడా నడిచింది.

పైన అలంకారం అంతంతమాత్రం. పెద్దాయనకు ఎవరో ఫ్యాను కింద కుర్చీ వేశారు, ఎవరో మజ్జిగ తెచ్చారు. అంతలో మేళం జోరందుకుంది. అక్షింతలు పంచుతూ ఆయన చేతిలోనూ పోశారు. ఆయన లేచి వెళ్లి, ముక్కూమొహం తెలియని ఆ పిల్ల నెత్తిన అక్షింతలు వేసి, కళ్లు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

కింది పెళ్లికూతురి తండ్రి ఫోన్ చెవిన పెట్టుకుని ఆయాసపడుతూ పైకొచ్చింది అప్పుడే.

"బాబాయ్, ఇక్కడున్నారా! మా నాన్న స్నేహితుల్లో మిగిలింది మీరొక్కరే. పిల్లకి ముందు మీ చేత అక్షింతలు వేయించాలని ఎదురుచూశాం. తాళి కట్టడం కూడా అయిపోయింది."

"వచ్చాను నాయనా. అక్కడే నిలబడ్డాను," అన్నాడు పెద్దాయన. "అది మనదని నాకెవరు చెప్పారు?"

ఆ తండ్రి ఆయన చేయి పట్టుకుని కిందికి తీసుకెళ్లాడు. సులోచన సిగ్గుతో తల దించుకుంది. గురువుగారు నాలుగు మాటలు అని ఉంటేనే ఆమెకు తేలిగ్గా ఉండేది.

తిరిగొచ్చాక ఆమె ఫోన్‌లో మేళం పేజీ తెరిచింది. గోపురం ఉంది, నెమలి ఉంది, రత్తయ్య ఎక్కడా లేడు. అది ఏ ఊరి మేళమో, ఎవరికి ఫోన్ చేయాలో వెతికితే గాని దొరకదు. గారపళ్లు, వెలిసిన చొక్కా అని ఆయన ఫొటోను పక్కన పెట్టేసింది తనే. వెంటనే రత్తయ్యకు ఫోన్ చేసి, సన్నాయి తీసుకుని రమ్మంది, ఫొటో తీయాలంది.

"ఇప్పుడా తల్లీ? పొద్దుట్నించీ తిరిగి తిరిగి మొకం పీక్కుపోయింది. రేపు గడ్డం గీసుకుని, పట్టుచొక్కా ఏసుకుని వస్తాలే," అన్నాడు రత్తయ్య.

సులోచన గురువుగారి వైపు చూసింది. ఆయన గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నారు.

"ఉన్నవాణ్ణి ఉన్నట్టే రమ్మనమ్మా," అన్నారు. "చూసేవాళ్లూ అలిసిపోయే వస్తారు."