కోరికలు పోగొట్టుకున్న రాజు

అనగనగా ఒక రాజు. ఊ కొట్టండి. ఊ అనకపోతే ఆ రాజు గుమ్మంలోనే నిలబడిపోతాడు, లోపలికి రాడు.

ఆ రాజు పేరు రత్నకేతుడు. ఆయన ఏలే ఊరు మధుకవరం. రాణి పోయింది, ముగ్గురు కొడుకులు మిగిలారు. పెద్దవాడు వీరభానుడు, నడిపివాడు చంద్రభానుడు, చిన్నవాడు సుభానుడు.

రత్నకేతుడు మంచి రాజే గాని ఆయనకు కోరికలు ఎక్కువ. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని, "ఆ రోజు అలా చేసి ఉంటే ఎంత బాగుండేది" అని గొణుక్కునేవాడు. ఏ రోజో, ఏం చెయ్యాలో, ఎవరికీ చెప్పేవాడు కాదు. మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చుని, "ఇప్పుడు ఇందులోకి రెండు వడియాలు ఉంటే ఎంత బాగుండును" అనేవాడు. సాయంత్రం మేడ ఎక్కి, "మీ ముగ్గురి పెళ్లిళ్లు చూడాలి, మనవల్ని ఎత్తుకోవాలి" అనేవాడు. పోయినదాని మీద ఒక కోరిక, ఉన్నదాని మీద ఒక కోరిక, రాబోయేదాని మీద ఒక కోరిక. ఊళ్లోవాళ్లు నవ్వుకునేవాళ్లు. నవ్వితే నవ్వారు, ఆ నవ్విన నోళ్లే తర్వాత ఏడ్చాయి.

ఆ రాజుగారి ఇంట్లో ఒక ఆచారం ఉంది. విస్తరి వేశాక గుమ్మంలో ఎవరు వచ్చి అడిగినా లేదనకూడదు. ఒకనాడు రాజు అన్నం కలుపుతుంటే సన్యాసి వేషంలో ఒకడు వచ్చాడు. వాడి పేరు ధూమకంఠుడు, పెద్ద మాంత్రికుడు.

"ఏం కావాలి స్వామీ?" అన్నాడు రాజు.

"నీ కోరికలు కావాలి. ఇస్తావా?"

రాజు నవ్వాడు. "నా దగ్గర చాలా ఉన్నాయి. పట్టుకుపోండి."

అంతే. మాంత్రికుడు భుజాన ఉన్న సంచి మూతి తెరిచాడు, మూశాడు, పోయాడు. రాజు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ఏం పెట్టినా "వద్దు." ఎవరొచ్చినా "సరే." నవ్వడు, ఏడవడు. వైద్యుడు నాడి చూసి, "రోగం లేదు బాబూ. కావాలని లేనివాడికి ముద్ద దిగదు. పున్నమిలోగా ఆయన కోరికలు ఆయనకు తెచ్చి ఇవ్వండి. లేకపోతే దక్కడు" అన్నాడు.

ఇంతకీ ఆ మాంత్రికుడికి ఇదేం ఆకలి అంటారా? వాడికి మంత్రం ఉంది. అరటిపండు అంటే అరటిపండు, మేడ అంటే మేడ. అనకముందే అన్నీ వచ్చి పడుతుంటే కోరుకోడానికి ఏముంటుంది? వాడి నాలిక్కి రుచి చచ్చిపోయింది. అందుకని ఊళ్ల మీద పడి, వాళ్ల కోరికలూ వీళ్ల కోరికలూ తెచ్చుకుని, అన్నంలోకి నంజుకుని తినేవాడు.

వాడి ఇల్లు ఏడు సముద్రాల అవతల. ముందు పెద్దవాడు బయలుదేరాడు. సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు ఉంది. "ఏయ్, సముద్రం దాటించు" అన్నాడు. దాటించింది. ఉప్పు సముద్రం, చెరకు సముద్రం, కల్లు సముద్రం, నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ల సముద్రం, ఏడూ దాటించింది. వాడు దిగేటప్పుడు దాని తలమీద కాలు పెట్టి దిగాడు. ఆ పని నేను వాడికి ఇవాళ్టికీ మాఫీ చెయ్యలేదు.

మాంత్రికుడు గుమ్మంలోనే నిలబడి, "రా నాయనా, రా. నీకేం కావాలి?" అన్నాడు, మేనమామలాగా.

తండ్రి కోసం వచ్చినవాడు తండ్రి మాట ఎత్తాలా వద్దా? ఎత్తలేదు. "పోయినేడు వేటలో పులి నా చేతికి చిక్కి ఉంటే నా పేరు మారుమోగేది" అన్నాడు.

"ఆ కోరిక నాకు అప్పగించు, తీరుస్తాను."

"తీసుకో."

తీసుకున్నాడు. వీరభానుడు ఆ వాకిట్లోనే బొమ్మలా చతికిలబడ్డాడు.

వెనకాల నడిపివాడు వెళ్లాడు. వాడూ తాబేలుని పలకరించలేదు. వాడూ గుమ్మంలో తండ్రి మాట ఎత్తలేదు. "అన్న ఎలాగూ రాలేదు. ఇప్పుడు కిరీటం నా తలమీద ఉంటే బాగుండును" అన్నాడు. వాడి కోరికా పోయింది, వాడూ అన్న పక్కన చతికిలబడ్డాడు.

ఇక చిన్నవాడు. సుభానుడు ఒడ్డుకి వచ్చి, తాబేలుకి దణ్ణం పెట్టి, "తాతా, నా పని తర్వాత. ముందు నీకేమన్నా కావాలా?" అన్నాడు.

తాబేలు తల బయటికి పెట్టి చూసింది. "ఇన్నేళ్లలో నన్ను ఈ మాట అడిగినవాడు లేడురా అబ్బాయ్. వీపు మీద నాచు పట్టి చచ్చే దురద. నా చెయ్యి అందదు."

సుభానుడు కొబ్బరిపీచు తెచ్చి, నాచంతా పోయేదాకా తోమాడు. తాబేలు కళ్లు మూసుకుని, "ఆ పక్కన, ఆ, ఇంకొంచెం కిందికి, ఆహా" అంది. తోమడం అయ్యాక అంది కదా, "విను. వాడి ప్రాణం పంజరంలో చిలకలో ఉంది. చిలక మెడ విరిస్తే వాడు చస్తాడు, వాడితో పాటు సంచిలో కోరికలన్నీ చస్తాయి. కాబట్టి విరవకు. గుమ్మంలో వాడు అడిగితే బదులు చెప్పకు, నువ్వే ఎదురడుగు. వాడి దగ్గర బదులుండదు. అది వెతుక్కోకుండా వాడు కదల్లేడు."

ఏడు సముద్రాలూ దాటారు. మాంత్రికుడు గుమ్మంలో చేతులు చాపాడు. "రా నాయనా. నీకేం కావాలి?"

"ముందు మీకేం కావాలో చెప్పండి మావయ్యగారూ. మా ఇంట్లో అది ఆచారం. వచ్చినవాడు ఇంటాయన్ని అడిగాకే కూర్చుంటాడు."

"నాకా? నాకు..." మాంత్రికుడు నోరు తెరిచాడు. "నాకు మేడ... ఉంది. బంగారం... ఉంది. పాయసం... ఛీ, ఎవడికి కావాలి?" అని, గెడ్డం పట్టుకుని గుమ్మంలోనే కూలబడ్డాడు.

సుభానుడు వాణ్ణి దాటి లోపలికి వెళ్లాడు. అక్కడ ఒక రాజకుమారి నేల ఊడుస్తోంది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తోంది. ఆమె పేరు చంపకవల్లి. ఆమె కోరికలూ సంచిలోనే ఉన్నాయి. ఆమె పక్కన పంజరం, పంజరంలో చిలక.

"చిలకమ్మా, నీకేం కావాలి?"

చిలక ముక్కుతో ఊచ పట్టుకుంది. "నన్నా అడుగుతున్నావు? అయితే రాసుకో. ఒకసారి వీడు తలుపు వెయ్యడం మరిచిపోయాడు. నేను భయపడి కదల్లేదు. ఆ రోజు ఎగిరిపోయి ఉంటే ఎంత బాగుండేది. అది ఒకటి. ఇప్పుడు ఒక దోరజామకాయ ఉంటే ఎంత బాగుండును. అది రెండు. ఎప్పటికైనా నాకొక జట్టూ, ఒక గూడూ ఉండాలి. అది మూడు."

సుభానుడు ఆలోచించాడు. "చిలకమ్మా, పోయిన రోజుని నేను తేలేను. అబద్ధం చెప్పను. తలుపు మాత్రం ఇప్పుడు తీస్తాను. జామకాయ కోసుకొస్తాను. గూడు సంగతి నీ రెక్కలు చూసుకుంటాయి."

"ఇంత సూటిగా చెప్పావు, చాలు" అంది చిలక. తలుపు తీశాడు. అది ఎగిరి పెరట్లో జామచెట్టు కొసకొమ్మ మీద వాలింది.

అప్పుడు లేచాడు మాంత్రికుడు. కోరిక దొరికింది మరి వాడికి!

"దిగవే తల్లీ, దిగు! గద్ద ఉంటుంది! ఓరి నాయనోయ్, ఆ కొమ్మ సన్నం! దాన్ని దింపు బాబూ, నీ కాళ్లు పట్టుకుంటాను!"

"నేను పిలిస్తే దిగుతుంది. సంచి ఇటివ్వు."

మాంత్రికుడు సంచి ఇచ్చాడు, సుభానుడు పిలిస్తే చిలక లావుపాటి కొమ్మ మీదికి దిగింది, సంచి మూతి విప్పారు. కోరికలు గువ్వల్లా లేచి, ఆ ఇంట్లో ఉన్న తమవాళ్లని వెతుక్కుంటూ పోయాయి. అన్నలిద్దరూ కళ్లు నులుముకుని లేచారు. చంపకవల్లి చీపురు కిందపడేసి, ఇల్లంతా ఒకసారి చూసింది.

"మీకేం కావాలి?" అన్నాడు సుభానుడు.

"ముందు తలంటు కావాలి. తర్వాత ఈ గెడ్డపువాణ్ణి కడుపారా తిట్టుకోవాలి. తర్వాత మా ఊరు చూడాలి. మిగిలింది తలంటుకున్నాక చెప్తాను."

చెప్పినట్టే చేసింది. ఆ తిట్లు ఇక్కడ చెప్పను, పిల్లలున్నారు.

సంచి అడుగున మూడు కోరికలు కదలకుండా మిగిలాయి. అవి రత్నకేతుడివి. సముద్రాలకు అవతలున్న మనిషి దగ్గరికి ఎగరలేకపోయాయి. సుభానుడు వాటిని ఉత్తరీయం చెంగున ముడేసుకున్నాడు. అందరూ తాబేలు ఎక్కారు. పెద్దవాడు ఈసారి దణ్ణం పెట్టి మరీ ఎక్కాడు. భయంతో పెట్టాడో బుద్ధితో పెట్టాడో వాడికే తెలియాలి.

పాల సముద్రం మీద సుభానుడు ముడి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఒకటి అన్నం అడుగుతోంది. ఒకటి మనవల్ని అడుగుతోంది. మూడోది తండ్రి గొంతుతో నెమ్మదిగా అంటోంది: "ఆ రోజు రాణి కబురు పెడితే, సభ అయ్యాక వస్తానన్నాను. అయ్యేసరికి ఆమె లేదు. కబురు రాగానే లేచి వెళ్లి ఉంటే ఎంత బాగుండేది."

సుభానుడు ముడి కిందికి దించాడు. "ఇదా నాన్న రోజూ గొణుక్కునేది! ఇది ఎప్పటికీ తీరదు. తీరనిదాన్ని మళ్లీ ఆయన గుండెలో ఎందుకు పెట్టాలి? ఈ ఒక్కటీ సముద్రంలో వదిలేస్తాను" అని ముడి విప్పబోయాడు.

చంపకవల్లి చెయ్యి పట్టుకుంది. "మీదా అది?"

"నాన్నగారిది."

"మరి పారెయ్యడానికి మీరెవరు? నా కోరికల్లోనూ తీరనివి ఉన్నాయి. అవి తిరిగొస్తే ఏడుపొచ్చింది. కానీ అవి లేనప్పుడు నేను ఏడవలేదు, నేను లేనేలేను."

సుభానుడు ముడి బిగించాడు.

పున్నమి రేపనగా మధుకవరం చేరేసరికి రాజు గోడకి చేరబడి, ఎండిన పుల్లలా ఉన్నాడు. సుభానుడు ముందు ఆ బరువైన కోరికనే తండ్రి చెవిలో విడిచాడు. రాజు పెదవులు అదిరాయి. కళ్లవెంట నీళ్లు కారాయి, ఆగకుండా కారాయి. అన్నలు భయపడి, "ఏం చేశావురా చంపేస్తావా!" అన్నారు. సుభానుడు ఆగలేదు, రెండోది విడిచాడు. రాజు ఏడుస్తూనే, "ఒరే, ఆకలేస్తోంది. ఎవరన్నా ఇంత చారన్నం పెట్టండిరా" అన్నాడు. మూడోది విడిచేసరికి చంపకవల్లి వైపు చూసి, "ఈ అమ్మాయి ఎవరు? మాకేమవుతుంది?" అన్నాడు.

"ఏమవ్వాలో తలంటుకున్నప్పుడే అనుకున్నాను మావయ్యగారూ. మీ చిన్నబ్బాయి ఇంకా అడగలేదు" అంది చంపకవల్లి. సుభానుడు చెవులదాకా ఎర్రబడ్డాడు.

చారన్నం తిన్నాక రాజు చిన్నకొడుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఆ మొదటిది నువ్వు విన్నావు కదూ?"

"విన్నాను నాన్నగారూ. తప్పయింది. పారేద్దామని కూడా అనుకున్నాను."

"పారెయ్యలేదు. అది చాలు. అది పోయినన్నాళ్లూ నాకు మీ అమ్మ ముఖం గుర్తు రాలేదురా. బాధ తీసుకుపోయినవాడు ఆమెనీ తీసుకుపోయాడు. ఇవాళ మళ్లీ కనిపించింది. తెచ్చినందుకు నీకు ఎలా దణ్ణం పెట్టనురా, కొడుకువైపోయావు" అన్నాడు.

ఆ నెలలోనే ముగ్గురికీ పెళ్లిళ్లు. పెద్దవాళ్లిద్దరికీ మంచి పిల్లలే దొరికారు, వాళ్ల గొప్ప కాదు, ఆ పిల్లల తల్లిదండ్రుల మంచితనం. చంపకవల్లి పుట్టింటివాళ్లు కూడా వచ్చారు. చిలక దానంతటదే సముద్రాలు దాటి వచ్చి పందిరి మీద వాలింది. కింద మాంత్రికుడు జామకాయలు పట్టుకుని, పిల్లుల్ని అదిలించుకుంటూ, దాని వెంటే తిరిగాడు. వాడికీ ఒక విస్తరి వేశారు. రాజుది పెద్ద మనసు. నా చేతిలో అయితే వాడికి నీళ్లు కూడా పుట్టేవి కావు.

ముహూర్తం దగ్గరపడింది. తాబేలు ఇంకా సముద్రం నుంచి నడిచి వస్తూనే ఉంది. పురోహితుడు గోలపెట్టాడు, "మహారాజా, ఘడియ దాటిపోతోంది!"

"ఈ పందిట్లో కూర్చున్న పిల్లలు ఆయన వీపు మీద వచ్చినవాళ్లు. ఆయన వచ్చాకే ముహూర్తం" అని, రత్నకేతుడు తానే చెంబుతో నీళ్లు పట్టుకుని, తాబేలు కాళ్లు కడగడానికి వీధిలోకి ఎదురు నడిచాడు.

ఆ తర్వాత రాజు చిన్నవాడికే పట్టం కట్టాడు, సుభానుడూ చంపకవల్లీ చాలా ఏళ్లు ఏలారు. వాళ్ల రాజ్యంలో పిల్లలు నిండుగా తిన్నారు, ముసలివాళ్లు చెప్పుకున్నది వినడానికి మనుషులున్నారు.